చివరింటి కుళాయి

పొద్దున ఆరు గంటలకి కుళాయి వస్తుందంటే అయిదింటి నుంచే నాకు నిద్ర ఉండదు. మంచం మీద పడుకున్నా చెవి కుళాయి దగ్గరే ఉంటుంది. ముందు బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత కొంచెం ఎర్రనీళ్ళు, ఆ తర్వాత అసలు నీళ్ళు. ఏడింటికి పలాస వెళ్ళే ఆటో వీధి మొగలో ఆగుతుంది. జీడిపప్పు పొట్టు తీసే పనికి మా ఊరి నుంచి ఎనిమిది మందిమి వెళ్తాం. ఒక్కరు ఆలస్యమైనా డ్రైవరు హారన్ కొట్టి ఊరంతా లేపుతాడు. ఈలోపు బిందెలు, బకెట్లు, డ్రమ్ము, ఆఖరికి మూత పోయిన ప్రెషర్ కుక్కరు కూడా నిండాలి. నిండకపోతే పని దగ్గర కూర్చున్నంతసేపూ నా ప్రాణం ఇంటి దగ్గరే కొట్టుకుంటూ ఉంటుంది.

ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. మా ఆయన కిడ్నీలు పాడై చనిపోయాడు. బారువ చుట్టుపక్కల ఈ ఊళ్ళలో ఆ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. డయాలసిస్ ఎన్నాళ్ళు చేయించారని మాత్రం అడుగుతారు. ఈ రోగం ఎందుకొస్తోందో చూద్దామని పెద్ద డాక్టర్లు వచ్చి రక్తాలు తీసుకెళ్ళారు గాని, మాకు తేల్చి చెప్పినవాళ్ళు లేరు. ఎవరూ చెప్పకపోయేసరికి మేం బోరింగు నీళ్ళనే అనుమానించాం. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ నీళ్ళు నేను పుక్కిలించడానికి కూడా నోట్లో పోసుకోలేదు. క్యాన్లు కొన్నాను. వేళ్ళు మండేలా పొట్టు తీసి తెచ్చిన కూలి క్యాన్ల ఆటో వాడి చేతిలో పెడుతుంటే ఏడుపొచ్చేది.

అందుకే ఎక్కడో దూరాన ఉన్న రిజర్వాయరు నుంచి పైపులేసి మా వీధికి నీళ్ళు తెచ్చిన రోజున నేను కుళాయికి పసుపు రాసి బొట్టు పెట్టాను. నవ్వినవాళ్ళు నవ్వారు.

మొదట్లో ధార బాగానే వచ్చింది. పోను పోను సన్నబడింది. పక్కింటివాళ్ళు పైపుకి చిన్న మోటారు తగిలించారు. ఎదురింటివాళ్ళూ తగిలించారు. నేను మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటానా? నేనూ ఒకటి తెచ్చి బిగించాను. పంచాయతీవాళ్ళ కంట పడితే పట్టుకుపోతారని దాని మీద గోనెసంచి కప్పాను. ఎలాగూ నాకు వచ్చే నీళ్ళే కదా, కాస్త తొందరగా లాక్కుంటున్నాను, అంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరి వాటా తగ్గుతోందో ఆలోచించే తీరిక ఏడింటి ఆటో వాడు ఇవ్వలేదని కూడా అనుకున్నాను. అబద్ధం. తీరిక ఉంది, ఆలోచించాలనిపించలేదు.

వీధి చివర, కొబ్బరితోటని ఆనుకుని మా తోటికోడలి ఇల్లు. నాకంటే పదేళ్ళు చిన్నది. సొంత అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అంటుంది. ఆ మధ్య మా మరిదికి కూడా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. జాగ్రత్తగా ఉంటే డయాలసిస్ దాకా పోకపోవచ్చు అన్నాడట డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఇల్లు నడుస్తోంది.

ఒక ఆదివారం చూసొద్దామని వెళ్ళాను. నీళ్ళ క్యాను గోడవార బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము. మా తోటికోడలు బోరింగు కొట్టి బిందె తెచ్చింది. ఆ నీళ్ళే చెంబుతో ముంచి మా మరిదికి ఇచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటే, మీ బావకైంది సాల్లేదా? కుళాయి ఎట్టుకుని ఈ నీల్లు తాగిత్తావా మనిసికి?"

"కుళాయి మాకు రాదప్పా," అంది మెల్లగా. "రాక ఆరు నెల్లయిపోనాది. క్యాను రేటు పెంచీసినారు. ఈయన పనికెల్లట్లేదు. నన్నెక్కడినుంచి తెమ్మంతావు?"

మా మరిది చెంబు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

మర్నాడు నేను పని మానేశాను. వీధిలో ఆడవాళ్ళని పోగేసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. అక్కడ వాల్వు తిప్పి నీళ్ళు వదిలే ఆయన మా ఊరివాడే, వరసకి నన్ను వదినా అంటాడు. మంచీ మర్యాదా చూడకుండా కడిగేశాను. జీతం తీసుకుని ఆఖరింటికి నీళ్ళివ్వకపోతే ఎలాగని గద్దించాను.

"జీతమా? నాను జీతం సూసి నాలుగు నెల్లయింది వదినా," అన్నాడాయన. "మీరు క్యానోడికి నోట్లిత్తారు గాని కుళాయి పన్ను ఒక్కలు కట్టినారా? ఇక్కడ మోటారు కాలిపోతే బాగుసేయించడానికి డబ్బుల్లేక ఎంతమంది కాళ్ళట్టుకున్నానో నీకేటి తెలుసు? వాల్వు నాను పూర్తిగానే తిప్పుతన్నాను. మద్దిలో ఎవలు లాగేత్తన్నారో నన్నడుగుతావేటి?"

ఆడవాళ్ళలో సగంమంది నేలచూపులు చూశారు. గోనెసంచి కింది మోటారు నాకూ గుర్తొచ్చింది. అయినా నా నోరు ఊరుకుంటుందా!

"ఎవలో తేల్చు మరి," అన్నాను.

"తేలుత్తాను. రేపు నీల్లొదిలిన గంటసేపూ మీ వీదికి కరెంటు తీయించీత్తాను. అప్పుడు కూడా ఆకరింటికి రాకపోతే నన్ను తిట్టు."

అన్నట్టే మర్నాడు ఆరింటికి ఫ్యాను ఆగిపోయింది. నేను కుళాయి దగ్గర చతికిలబడ్డాను. చిటికెనవేలంత ధార వస్తోంది. బిందె సగమైనా కాలేదు, వీధి చివరి నుంచి కేక వినిపించింది.

"అప్పా! వచ్చీసినాయి! నీల్లొచ్చీసినాయి!"

అంత మంచి కబురు విని అంత సిగ్గుపడింది నా జన్మలో లేదు. తడిసిన చీరతో మా తోటికోడలు చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను దెబ్బలాడబట్టే వచ్చాయట, మొదటి చెంబు నేనే తాగాలట. చెంబు నా చేతిలో పెట్టి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. వీధి మొగలో ఆటో హారన్ కొడుతోంది. నేను తాగలేదు. చెంబు కింద పెట్టి గోనెసంచి లాగేశాను.

"ఇదిగో, సూడు. మీ నీల్లు తాగింది ఇదే."

ఆమె మోటారు వైపు పెద్దగా చూడను కూడా లేదు.

"తెలుసప్పా," అంది. "కాళీ బిందె అట్టుకుని రోజూ మీ గుమ్మం దాకా వచ్చీదాన్ని. లోపల మోటారు ఆడతన్న సప్పుడు ఇని ఎల్లిపోయీదాన్ని."

"మరి ఒక్కరోజైనా అడగనేదేటే?"

"ఎలా అడుగుతాను? బావ పోనాక నీల్లంటే నీకెంత బయమో నాకు తెలీదా? నీకు సాలినాక మాకొత్తాయిలే అనుకున్నాను."

నాకు చాలిన రోజు ఒక్కటి కూడా లేదు. డ్రమ్ము పొర్లిపోయిన రోజున కూడా అంట్లగిన్నెలు కడిగి వాటి నిండా పట్టుకున్నాను.

ఆ పూటే మోటారు ఊడదీసేశాను. అంతటితో ఏమీ తీరలేదు. పిండిమిల్లాయన గొడవ పెట్టాడని కరెంటు తీయడం మూడోరోజుకే మానేశారు. మిగతా మోటార్లు మళ్ళీ మొదలయ్యాయి. వాటి మధ్య ఇప్పుడు నా కుళాయి కూడా చుక్కలే. అయిదున్నరకే లేచి వెళ్ళి పక్కింటి తలుపూ ఎదురింటి తలుపూ బాదుతున్నాను. నీకేం హక్కుంది, నిన్నటిదాకా నువ్వు చేసిందేమిటి అంటున్నారు. వాళ్ళన్నదీ నిజమే. ఆగిన రోజు ఆగుతున్నారు, లేని రోజు లేదు. ఆగని రోజున నేను కొన్న క్యాను మా మరిది ఇంటికి మోస్తున్నాను.

వచ్చే వారం ఆయనకి మళ్ళీ రక్తపరీక్ష. రిపోర్టు తేవడానికి టెక్కలి నేనే వెళ్తానని పట్టుబట్టాను. అప్ప ఎంత మంచిదో అని మా తోటికోడలు పొంగిపోయింది. మంచితనం కాదు. ఈ ఆరు నెలల్లో క్రియాటినిన్ ఎంత పెరిగిందో ఆమె కంటే ముందు నేను చూడాలి.