ముద్ర లేని స్టాండు

ఆయన ముప్పై మూడేళ్లు తూనికల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. అంటే జీతం తీసుకుని మరీ ముప్పై మూడేళ్లు జనాన్ని అనుమానించాడు. కొట్లో అడుగుపెట్టగానే త్రాసు పళ్లెం కింద వేలు పెట్టి తడిమేవాడు. రాళ్లు బోర్లించి చూసేవాడు. సర్కారు ముద్ర లేని కిలో రాయి ఆయన లెక్కలో ఉత్త ఇనపముక్క. ముద్ర కొట్టే సుత్తి ఆఫీసులో అప్పగించి వచ్చి రెండేళ్లయింది కానీ, ఆ బుద్ధిని అప్పగించుకునే ఆఫీసు ఏదీ లేకపోయింది. బజారులో అందరూ ఆయన్ని ఇప్పటికీ తనిఖీగారనే అంటారు.

తనిఖీగారికి ఉన్న ఒకే వ్యసనం ఆదివారం పొద్దున రైఫిల్ క్లబ్బు. చాప మీద బోర్లా పడుకుని, యాభై మీటర్ల అవతలి కాగితం మీద గుండ్రాన్ని కొట్టడం. అంత దూరంలో గుండు ఎక్కడ తగిలిందో మామూలు కంటికి ఆనదు. అందుకని పక్కన ఒక స్టాండు మీద చిన్న దుర్భిణి బిగించుకుంటారు, దాన్నే స్కోపు అంటారు. కుడికన్ను గురి మీద ఉంటే ఎడమకన్ను స్కోపులోకి పోవాలి. కన్ను ఒక్కటే కదలాలి. తల కదిలిందంటే భుజం కదులుతుంది, భుజం కదిలిందంటే తర్వాతి గుండు తన దారి తాను చూసుకుంటుంది.

ఆ ఏడాది క్లబ్బు జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. పద్దెనిమిదేళ్లుగా ఆయన ఆ జట్టు వెనకాల సంచీ మోస్తూనే ఉన్నాడు తప్ప అందులో ఎన్నడూ లేడు. ఎడమ మోచెయ్యి పొద్దున్నే లాగుతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కాకపోతే ఇక లేదని మాత్రం ఆయనకు తెలుసు. ఆ చోటుకి పోటీలో మిగిలింది ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవాడు భార్య తమ్ముడు. ఆ తమ్ముడు గేట్లూ కిటికీ చువ్వలూ చేసే వెల్డరు, ఎడమచేతి వాటం, ఎప్పుడూ నవ్వు మొహం. నవ్వు మొహాన్ని తనిఖీగారు మొదటినుంచీ నమ్మలేదు.

పాత స్టాండు మర పోయింది. కొత్తది కొనడానికి బయల్దేరుతుంటే బావమరిది ఫోను చేశాడు.

"బావా, కొట్లో నిలబడి చూడకు. చాప పట్టుకెళ్లి, అక్కడే నేల మీద పడుకుని చూడు. పడుకున్నప్పుడు అమిరితేనే అది నీ స్టాండు."

"నేను కొట్లో బోర్లా పడుకుంటే నలుగురూ నవ్వాలనా?"

"నవ్వితే నవ్వనీ. వాళ్లకేం పోటీ ఉందా?"

ఆ చివరి మాట ఆయనకు గుచ్చుకుంది. పోటీ ఉన్నవాడు సలహా ఎందుకిస్తాడు? ఆయన కొట్లో నిటారుగా నిలబడి, గంటన్నర సేపు తనిఖీ చేశాడు. మరలు తిప్పాడు, కాళ్లు కొలిచాడు, గోటితో పెయింటు గీకాడు. చివరికి మూడు కాళ్ల స్టాండొకటి ఎంచాడు. వంకలేనిదే. కాకపోతే అది నిలబడ్డవాడికి వంకలేనిది.

క్లబ్బులో చాప మీద పడుకునేసరికి దాని ఒక కాలు మోచేతి కిందికొచ్చింది. కాలు దూరంగా జరిపితే స్కోపు కంటికి జానెడు దూరమైంది. మెడ చాచి చూసుకోవలసి వచ్చింది. టార్గెట్టు మీద గుండ్లు రెండు గుంపులుగా పడ్డాయి. విరామంలో మంచినీళ్లు తాగి వచ్చి పడుకుంటే స్కోపు ఇంకా దూరంగా ఉన్నట్టు తోచింది.

"ఎవరో జరిపారు," అనుకున్నాడు. ఎవరో అని అనుకున్నది మర్యాదకే.

మరుసటి ఆదివారం సుద్దముక్క జేబులో వేసుకెళ్లి, స్టాండు కాళ్ల చుట్టూ సిమెంటు నేల మీద గీతలు గీశాడు. విరామం తర్వాత వచ్చి చూస్తే గీతలు గీసినట్టే ఉన్నాయి, కాళ్లు వాటి మధ్యే ఉన్నాయి. పడుకుంటే మాత్రం స్కోపు దూరంగానే ఉంది. ఇంకొకరైతే తామే జరిగామేమో అనుకుందురు. తనిఖీగారు లేచి కూర్చుని బావమరిది వంక చూశాడు. జరిపి, మళ్లీ సరిగ్గా గీతలోనే పెట్టాడు, ఎంత గడుసువాడు, అనుకున్నాడు.

ఇంట్లోనూ వాతావరణం ఆయనకు నచ్చలేదు. రైఫిళ్లు క్లబ్బు బీరువాలోనే ఉంటాయి గనక, సాయంత్రం ముందుగదిలో చాప పరుచుకుని, చీపురుకర్ర భుజానికి ఆనించి ఊపిరి బిగబట్టడం ఆయన సాధన. ఆ వేళకే భార్యకు గదిలో పనులు పుట్టుకొచ్చేవి. చేతిలో కుట్టుదారం పట్టుకుని పక్కనే వంగి ఏదో వెతికేది. ఒకనాడు వంటింట్లో ఫోను మాట్లాడుతూ దొరికిపోయింది.

"అవున్రా, ఎడమవైపే. చూసే చెప్తున్నా," అంటోంది.

ఎడమవైపు అంటే మోచెయ్యే, తాను చెప్పకపోయినా కనిపెట్టేసింది. ఇంటిగుట్టు తమ్ముడికి చేరిపోతోందని ఆయనకు ఖాయమైపోయింది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాడు. అనుమానాన్ని ముందే బయటపెడితే దొంగ సర్దుకుంటాడన్నది ఆయన ఉద్యోగధర్మం.

ఎంపిక పోటీకి వారం ముందు బావమరిది గోనెసంచీలో ఏదో మోసుకొచ్చాడు. బరువైన ఇనప పళ్లెం, దాని మీద ఒకే ఒక కడ్డీ, కడ్డీకి అడ్డంగా ఒక చెయ్యి.

"నీకోసం చేశాను బావా. పడుకుని చూడు. సరిపోకపోతే కోసి మళ్లీ అతికిస్తా."

"దీని మీద ఏ కంపెనీ ముద్రా లేదేం?"

"నేనే కంపెనీ," అని నవ్వి వెళ్లిపోయాడు.

సరిగ్గా పోటీ మధ్యలో మర జారేలా చేసి ఉంటాడు, అనుకున్నాడు తనిఖీగారు. పడుకుని చూడకుండానే సంచీలో కుక్కి తలుపు వెనక్కి నెట్టేశాడు.

పోటీ అరవై గుండ్లు. మూడు కాళ్ల స్టాండుతో, మెడ చాచి చాచి, అయిదువందల డెబ్బై ఒకటి చేశాడు. బావమరిది డెబ్బై రెండు. జట్టులో చోటు ఆ ఒక్క పాయింటు దగ్గర తెగిపోయింది. బావమరిది దగ్గరికొచ్చి నవ్వకుండా నిలబడ్డాడు. "నా స్టాండు తేలేదా బావా?" అని మాత్రం అడిగాడు. ఆయన స్కోపు విప్పి సంచీలో వేసుకున్నాడు.

ఇంటికి రాగానే గోనెసంచీ బయటికి లాగాడు. ఇందులో దగా ఎక్కడుందో అక్కాతమ్ముళ్లిద్దరికీ తేల్చి చూపించాలని ఆయన పంతం. చాప పరిచాడు, స్టాండు పెట్టి స్కోపు బిగించాడు, చీపురుకర్రకు చెంప ఆనించాడు. ఎడమకన్ను అలా తిప్పాడంతే, కిటికీ అవతల ఎదురింటి గోడమీది పగులు కళ్లముందుకొచ్చింది. తల కదలలేదు. మోచెయ్యి లాగలేదు. మరను లాగి చూశాడు, జారలేదు. లేచి, మళ్లీ పడుకుని చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు గమనించాడు. అడ్డచెయ్యి ఎడమవైపుకి అతికించి ఉంది. ఎడమచేతి వాటం వాడికి స్కోపు కుడివైపు ఉండాలి. ఈ స్టాండు వాడికి ఎందుకూ పనికిరాదు.

"కొలత ఎవరిచ్చారు?" అన్నాడు, తల ఎత్తకుండా.

"నేనే," అంది భార్య గుమ్మంలోంచి. "మీరు ఊపిరి బిగబట్టినప్పుడు దారంతో కొలిచాను. చెప్తే కొలవనిస్తారా? వాడు రెండుసార్లు కోసి అతికించాడు, వేలెడు ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి."

ఆయన మళ్లీ స్కోపులోకి చూశాడు. గోడమీది పగులు అలుక్కుపోయి కనిపించింది. చూశావా, అద్దం మసకేసింది, అనుకుంటూ చొక్కా అంచుతో గట్టిగా తుడిచి వెలుతురుకు పట్టి చూశాడు. అద్దం శుభ్రంగానే ఉంది.