పాలెంలో పడిపోయిన రాక్షసుడు

స్టేజీ మీద చచ్చిపోయే వేషాలు నేను చాలా కట్టినాను. కానీ చావకుండానే ఒక ఊరినంతా పరుగు పెట్టించింది మాత్రం ఒక్కసారే! నవ్వకుండా ఉంటామంటే చెప్తా... సరే, నవ్వుకుంటూనే వినండి, టీ మాత్రం పొలమారకుండా చూసుకోండి.

అరవైల నాటి మాట. నేనప్పుడు సుందరమ్మక్క నాటక సమాజంలో ఉండేవాణ్ణి. రెండు ఎద్దుబండ్లు, ఒక హార్మోనియం, పదిమందిమి. కోట అనే ఊరి చుట్టుపక్కల, సముద్రం ఒడ్డున జాలర్ల పాలేలన్నీ తిరిగేవాళ్లం. సాయంత్రం నాటకం, పగలు ఊరిపని. అక్క ఊరికే కూర్చోనిచ్చేది కాదు. బావి చుట్టూ బురద ఎత్తించేది, అర్జీలు రాయించేది. ఒక తుఫానులో పైకప్పులు లేచిపోతే మా తెరలు విప్పి పసిబిడ్డలున్న గుడిసెల మీద కప్పించేసింది. రాజమహలు తెర, అడవి తెర, అన్నీ! ఆ తర్వాత మూడు నెలలు మా రాజులు ఉత్త తాటాకు దడి ముందరే కొలువు తీరినారు.

నావి రాక్షస వేషాలు. మనిషిని ఇంత ఉంటాను కదా, గొంతు కూడా అంతే. నేను అరిస్తే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు.

ఆ ఏడు పక్క పాలెంలో కలరా తగిలి ఇద్దరు పోయినారు. మేమున్న పాలేనికి హెల్త్ ఇన్‌స్పెక్టరు సూదులు తీసుకోని వచ్చినాడు. సూదేస్తే జ్వరమొచ్చి చస్తారని ఎవరో పుకారు లేపినారు. ఆయన్ని చూడగానే జనమంతా పడవలెక్కి సముద్రం లోపలికి పోయినారు! ఆయన తలపట్టుకోని అక్క దగ్గరికి వచ్చినాడు.

అక్క నా వైపు చూసింది. "నిన్న నాటకంలో నిన్ను చూసి అందరూ హడలిపోయినారు. రాక్షసుడే సూది వేయించుకుంటే ఇంక కాదనేదెవరు? రేపు మధ్యాహ్నం, వేషంతో."

"అట్నే అక్కా" అన్నాను. సూదంటే నాకు ప్రాణం పోతుందని చెప్పలేదు. ఎట్ల చెప్పేది? పది మందిలో నా మీసం ఏంగాను!

మరుసటి రోజు రాక్షసుడి వేషమని డప్పు కొట్టించి అందరినీ ఇసకలో కూర్చోబెట్టినాము. కోరలు, కిరీటం, గదతో బల్ల మీదికి ఎక్కి గట్టిగా గర్జించినాను. "ఈ సూది నన్నేం చేస్తుందిరా!" అని చెయ్యి చాపినాను. అంతవరకు బ్రహ్మాండం. అప్పుడు చూసినాను సూదిని. స్పిరిటు మంట మీద మరిగిన సూది. గోనెలు కుట్టే దబ్బనం మాదిరి కనిపించింది నాకు. ఇన్‌స్పెక్టరు ఇంకా నా చెయ్యి కూడా ముట్టుకోలేదు...

అంతే. గద మీదనే దభీమని పడినాను. వెదురుబద్దల గద, అప్పడమైపోయింది.

"సచ్చినాడ్రోయ్! రాక్షసుడే సచ్చినాడు!" జనం లేచి పడవల వైపు పరుగు!

ఇదంతా తర్వాత మావాళ్లు చెప్పిందే. నాకేం తెలుసు? అక్క బల్లెక్కి ఒక్క కేక పెట్టిందంట, "పోయేవాళ్లు పోండి. ఇది చూసి పోండి!" అని. జాకెట్టు చెయ్యి పైకి మడిచి అక్కడే సూది పొడిపించుకుంది. "వాడు చావలేదు. సూది తగలనే లేదు. చూసే పడిపోయినాడు!"

పోలమ్మవ్వ అని ఒక ముసలామె కుండెడు నీళ్లు తెచ్చి నా మొహాన కుమ్మరించింది. రంగు కారిపోయింది, మీసం ఊడి ఆమె చేతికొచ్చింది. కళ్లు తెరిచి, "అక్కా, అయిపోయిందా?" అన్నాను.

ఇంక చూడండి నవ్వులు! పరుగెత్తినోళ్లు కూడా వెనక్కొచ్చి మరీ నవ్వినారు. పోలమ్మవ్వ నా మీసం నా ఒళ్లో పడేసి, "ఇంత కండ పెట్టుకోని వీడికే భయముంటే నాకు మాత్రం ఉండదా? ఎయ్యవయ్యా నాకు!" అని చెయ్యి చాపింది. ఆమె వెనక కోడలు, కోడలి వెనక వీధి వీధంతా. పొద్దు వాలేదాకా అక్క ఒక్కొక్క బిడ్డనూ ఒళ్లో పెట్టుకోని సూది వేయించింది. అప్పటికే ఆమె చెయ్యి వాచిపోయి ఉంది, ఒళ్లు కాలుతా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆ పాలెంలోకి కలరా రాలేదు.

నేను సిగ్గుతో బండి చాటున కూర్చోనుంటే తనే వచ్చింది.

"పరువు తీసేసినాను అక్కా."

"పిచ్చోడా! నువ్వు బింకంగా నిలబడి ఉంటే, 'వాడు రాక్షసుడు, మనం మనుషులం' అనుకోని ఇళ్లకు పోయుండేవాళ్లు. నువ్వు పడ్డావు గనకనే వచ్చినారు."

కళ్లలో నీళ్లు తిరిగినాయి నాకు. ఆమె కాళ్లకు దండం పెడదామని వంగినానో లేదో, ఇన్‌స్పెక్టరు వచ్చినాడు చేతిలో కాయితంతో.

"అమ్మా, ఊరంతా అయిపోయింది. ఒక్కరే మిగిలినారు."

"ఎవరయ్యా?"

ఆయన నా వైపు చూసినాడు.

నలుగురు జాలర్లు పట్టుకున్నారు నన్ను. ఊరంతా మళ్లీ చుట్టూ చేరింది. ఈసారి సూది దిగింది. నేను పెట్టిన కేకకు కాకులు లేచిపోయినాయి. అన్నేళ్లు రాక్షస వేషాలు కట్టినా నాకు "వన్స్ మోర్!" అని ఈలలు పడింది ఆ ఒక్కరోజే!