మోకాలి లోతు

మా ఊళ్లో నన్ను కోతలరాయుడంటారు. కాదనను. మా కల్లంలో మిరపకాయ విరిస్తే దర్శి బస్టాండులో తుమ్మారని చెప్పినవాణ్ణి.

కానీ నిరుడు నా చేలో జరిగింది కోత కాదు. చేను పక్కన రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. వాళ్ల రాతిపిండి నీళ్లు గట్టు తెంచుకుని నా ఎకరం మిరపలోకి దిగాయి. తెల్లగా, చిక్కగా, చీలమండ లోతున. మొక్కలు పూత మీదున్నాయి. వారం తిరక్కుండానే ఆ బురద వేళ్ల చుట్టూ సిమెంటులా బిగుసుకుంది.

ఓనరు దగ్గరికెళ్తే కూర్చోమని కూడా అనలేదు. రాతిపొడి చేనుకి బలమేనన్నాడు. "అంత బలమైతే నీ పెరట్లో పోసుకోరా" అన్నాను. వాచ్‌మన్ వచ్చి నన్ను గేటు దాటించాడు.

కడుపు మండి పై ఆఫీసుకి అర్జీ రాశాను. అక్కడే నా చెయ్యి నన్ను ముంచింది. చీలమండ లోతంటే ఎవడు కదులుతాడని మోకాలి లోతని రాశాను. అంతటితో ఆగానా? గేదె మునిగి చచ్చిందని కూడా తగిలించాను.

అధికారి వచ్చేసరికి నీళ్లు ఇంకిపోయాయి. మొక్కల మొదళ్ల దగ్గర తెల్లచారని టేపుతో కొలిచాడు.

"గేదె ఏదండీ?" అన్నాడు.

గట్టుమీద మావాళ్లంతా ఒకటే నవ్వు. ఈయన సంగతి మీకు తెలీదు సార్ అని ఒకడు అందించాడు కూడా. అధికారి ఫిర్యాదు అబద్ధమని రాసుకుని, ఫ్యాక్టరీలో టీ తాగి వెళ్లిపోయాడు. తలలు వాల్చిన మొక్కల మధ్యనుంచే నడిచాడు. నా అబద్ధాన్ని టేపు పెట్టి కొలిచాడు గానీ ఆ ఫ్యాక్టరీవాడి పాపాన్ని కొలవలేదు. ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు.

సాయంత్రం మా ఆవిడ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "నేను చెప్పిందే రాయండి. ఒక్క మాట సొంతంగా కలిపారో, మీకూ నాకూ చెడుతుంది."

చీలమండ లోతు. ఎకరం చేను. పూతంతా రాలింది. గేదె లేదు.

లేని గేదె అర్జీలో ఎందుకన్నాను.

"మీ పేరు చూడగానే దాన్నే వెతుకుతారు" అంది.

మర్నాడు ఒక మొక్కని రాయిలా గట్టిపడ్డ మట్టిగడ్డతో సహా పెరికి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి, కొత్త అర్జీతో పాటు ఆ అధికారి బల్లమీద పెట్టాను. ఎంత లోతని మళ్లీ అడిగాడు. మోకాలు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, చీలమండన్నాను.

తర్వాత ఫ్యాక్టరీవాడి చేత గుంట తవ్వించి, నీళ్లు అందులోకి మళ్లించారు. నా మిరప అప్పటికే పోయింది. ఈ ఏడు అదే ఎకరంలో జొన్న చల్లితే అదీ సరిగా మొలవలేదు. గేదె లేకుండానే చెబుతున్నాను, నమ్మండి.