మొండిఖ్ అన్న మాట

అమెరికాలో మేముండే అరోరాలో ఏ ఇండియన్ రెస్టారెంట్ నుంచి బయటికొస్తూ చిటికెడు సోంపు నోట్లో వేసుకున్నా నాకు వేడి పాలే గుర్తొస్తాయి. పక్కింటి ఆన్నెకె ఆంటీ హాలండ్ నుంచి వచ్చినావిడ. మంచు పడే రోజుల్లో అమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టుకుని, తడిసిన నా మేజోళ్ళు హీటర్ మీద ఆరేసి, సోంపు వేసి కాచిన పాలిచ్చి, బడి కబుర్లన్నీ చివరిదాకా వినేది. మా ఇంట్లో నా మాట అంతసేపు విన్నవాళ్ళు లేరు. క్రిస్మస్‌కి అమ్మ అచ్చు కాల్చి నూనెలో వేసే గులాబీ పువ్వులు పళ్ళెం నిండా పట్టుకెళ్తే, ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో తిప్పి చూసుకుని మరీ తినేది.

రెండో తరగతిలో టీచర్ నా పేరుని సగానికి కోసి పిలుస్తుంటే, అది నా పేరు కాదని లేచి చెప్పాను. సంగతి విని ఆంటీ పొంగిపోయింది. సాయంత్రం అమ్మ రాగానే గుమ్మంలోనే, "యువర్ గర్ల్ ఈజ్ మొండిఖ్!" అంది. చివరి అక్షరం ఆవిడ గొంతులోనే ఉండిపోయింది. అమ్మకి వినపడింది మన మొండి. "సారీ, సారీ" అంటూ నన్ను ఇంటికి లాక్కొచ్చింది.

"మన మాట నేర్చుకుని మరీ కంప్లెయింట్ చేసిందే ఆవిడ! ఎంత విసిగించావో ఏమో. ఇకనించి నోరెత్తావంటే చూడు."

మర్నాటి నుంచి నన్ను బడిలోనే సాయంత్రందాకా ఉంచారు. పక్కింటికి పళ్ళెం వెళ్ళడం ఆగిపోయింది. ఆంటీ చాడీ చెప్పిందనే నేనూ నమ్మాను. కిటికీలోంచి చెయ్యూపితే తల తిప్పుకునేదాన్ని, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నోరెత్తకపోవడం మాత్రం బాగా వంటబట్టింది. ఆఫీస్ మీటింగ్‌లో నా పనికి ఇంకొకరి పేరు చెప్పినా తలూపి ఊరుకుంటాను.

నిరుడు మా టీమ్‌లో చేరిన డచ్ అతన్ని ఆ మాటకి అర్థమడిగాను. మొండి కాదట. తన సంగతి తానే చెప్పుకోగలవాళ్ళని అలా మెచ్చుకుంటారట. డాక్టర్‌ని నిలదీసి అడిగే రోగి కూడా మొండిఖే. అసలది రక్షణ అనే పాత మాటలోంచి, ఇంకొకరి సంరక్షణ అక్కర్లేని ఈడు వచ్చినవాళ్ళ కోసం పుట్టిందట. నోటికి వాళ్ళ భాషలో మొండ్ అన్న మాట ఉండటంతో, రానురానూ అందులో వాళ్ళకి నోరే వినపడిందట. తప్పు విని వాళ్ళు నోరు సంపాదించుకున్నారు, తప్పు విని మేము పోగొట్టుకున్నాం. ఈ సంగతి తెలిసేసరికి ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది, ఆ ఇల్లు పడగొట్టి ఎవరో పెద్దది కట్టుకున్నారు.

మొన్న ఆదివారం తెలుగు చర్చి నుంచి అమ్మని తీసుకొస్తూ కారులో అంతా చెప్పాను.

"అయ్యో, మంచి మాటేనా? మరి ఆ రోజే నువ్వు చెప్పొచ్చుగా?"

మీటింగ్‌లో లాగే తలూపాను. పచ్చ లైటు పడగానే కారు ముందుకి పోనిచ్చాను.