ముత్యాలరాజుగారి కాటా

ముత్యాలరాజుగారికి పసిపిల్ల కంటపడితే చాలు, చేపల కాటాకు తగిలించి తూచాల్సిందే. ముప్పై ఏళ్లు కొల్లేటి చెరువుల్లో మేత వేసి, పదిహేను రోజులకోసారి వల లాగి, నాలుగు చేపల్ని తూచి ఎదుగుదల చూసిన మనిషి. పని మానేసినా కాటా భుజం దిగలేదు. బారసాలలో పిల్లకు పేరు తేలకముందే ఆయన బరువు తేల్చేసేవారు.

బేబీరాణి కూతురు తేజస్వికి మూడో నెల. బరువు పెరగడం లేదు. "ఇప్పుడు వెనకబడితే పెద్దయ్యాక కూడా ఆ దెబ్బ ఉంటుందమ్మా" అన్నారు ఏలూరు డాక్టరుగారు. బేబీరాణికి పెంచడం చేతకాదన్నారు ఇరుగుపొరుగు. భర్త కొండబాబు తెల్లారకుండానే చెరువుకు పోతాడు. ఆమెకు అన్నమూ సహించడం లేదు, నిద్రా పట్టడం లేదు.

ముత్యాలరాజుగారు పిల్లను గుడ్డ ఉయ్యాలలో వేసి తూచారు.

"నాలుగు కేజీలేనమ్మా."

"నేనేం తక్కువ చేశానో తెలీట్లేదండీ బాబాయిగారూ." బేబీరాణి కళ్లు నిండాయి.

"చేప ఎదక్కపోతే చేపని తిడతామా? చెరువెలా ఉందో చూస్తాం. ఏదీ, నువ్వు రా."

"నేనాండీ?"

కాటాను దూలానికి కట్టి, కొక్కెం పట్టుకుని వేలాడమన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ వేలాడింది. ముప్పై ఎనిమిది.

ఆ సాయంత్రమే చెరువు గట్టున కొండబాబును పట్టుకున్నారు.

"చేపలకి టైముకి మేతేస్తావు గదా అబ్బాయ్. మీ ఆవిడ ఏం తిందో ఎప్పుడైనా చూశావా?"

 మర్నాటి నుంచి కొండబాబు అన్నం వండి, ఆమె తిన్నాకే చెరువుకు వెళ్లాడు.

రోజూ పదింటికి ముత్యాలరాజుగారు హాజరు. పిల్లను తూకానికని అరుగు మీదికి తీసుకుపోతే రెండు గంటలు.

"అయిందాండీ?" లోపలి నుంచి బేబీరాణి అడిగేది.

"ముల్లు నిలవట్లేదమ్మా. నువ్వు కాసేపు పడుకో."

ఒకరోజు ముందే మెలకువ వచ్చి తొంగి చూసింది. కాటా సంచిలోంచి బయటికే రాలేదు. పిల్ల ఆయన ఒళ్లో కాళ్లాడిస్తోంది. బేబీరాణి చప్పుడు చేయకుండా వెళ్లి మళ్లీ పడుకుంది. అంత హాయిగా ఆమె ఎన్నాళ్లకో నిద్రపోయింది.

ఆ తేజస్వికిప్పుడు పద్నాలుగేళ్లు. మొన్న తాడేపల్లిగూడెంలో పరుగు పందెం గెలిచి, కప్పుతో తిన్నగా ఆయనింటికే వెళ్లింది. ఒంటరి మనిషి, చిక్కిపోయారు. అడిగితే "ఆకలి లేదమ్మా" అన్నారు.

ఆ మాట విని బేబీరాణి కూతురికి ఆ పాత తూకాల సంగతి చెప్పింది. మర్నాడు తేజస్వి మళ్లీ వెళ్లి, ఆయన కాటా తీసి దూలానికి కట్టింది. వాళ్లమ్మ పంపిన చేపల పులుసు క్యారేజీ విప్పి ఆయన ముందు పెట్టింది.

"తూకమేదే?"

"ముల్లు నిలవట్లేదు తాతయ్యా. ఈలోగా మీరు భోంచేయండి."