తెరమీది కోడలు

ప్రొద్దుటూరులో తమ నగల కొట్టు పైనున్న ఇంట్లో సుబ్బలక్ష్మమ్మ సాయంత్రం దీపం పెట్టి, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని టీవీ ముందు కూర్చుంటుంది. ఆ వేళకు వచ్చేది పెద్దవాళ్ల కోసం తీసిన ఇంగ్లీషు కార్టూను బొమ్మల కామెడీ. అందులో అత్తాకోడళ్లు గిన్నెలు విసురుకుంటారు, తాగొచ్చిన తండ్రిని పిల్లలు వెక్కిరిస్తారు, చివరికి అందరూ కలిసే అన్నం తింటారు. కింద బేరగాళ్లకు వినబడుతుందని ఎవరూ గొంతు పెంచని ఇంట్లో ఆమెకది పండగ. ఆమెకు ఇంగ్లీషు రాదు కనుక కోడలు పద్మశ్రీ పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెబుతుంది. “ఆ ముసల్దానికంటే నేనే నయం గదా?” అని అత్త అడిగితే నవ్వేస్తుంది.

మొన్న తెరమీది కోడలు నోరు మూసుకుని నిలబడి ఉంది. అయినా పద్మశ్రీ తెర మీంచి చూపు తిప్పకుండా, “చుట్టాల ముందర నా వంటకు వంకలు పెట్టొద్దంటాంది అత్తమ్మా,” అంది. అంతకుముందు ఆదివారం చుట్టాలందరి ఎదుట “ఈ పులుసు నువ్వే తాగు” అని పద్మశ్రీతో తానన్న మాట సుబ్బలక్ష్మమ్మకు గుర్తొచ్చింది. కాసేపు గాజులు సవరించుకుంది.

“ఇంగ అననులే అని చెప్పు దానికి.”

“సరేనంటాంది,” అంది పద్మశ్రీ, ముక్కు ఎగబీల్చుకుంటూ.

బొమ్మలు అయిపోయాక సుబ్బలక్ష్మమ్మ లేచి, బిడ్డ మొహం తుడిచినట్టు టీవీని కొంగుతో తుడిచింది.