తిరిగొచ్చేవాళ్ల కోసం ఒక నర్సు

ఉగాది వెళ్లిన వారానికి ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా ఒక కుటుంబం మూటలతో, సత్తు గిన్నెలతో, నిద్రమత్తులో ఉన్న పిల్లలతో ఎక్కింది. వాళ్లతోపాటే మిరపకాయల ఘాటు లోపలికి వచ్చింది. బట్టల్లో, జుట్టులో, మూటల్లో నెలల తరబడి పట్టిన ఘాటు అది. ముందు సీట్లో పెద్దాయన దగ్గాడు. కండక్టర్ తుమ్మి, "సుగ్గి నుంచి వస్తాండారా?" అని అడిగాడు. ఆడమనిషి తలూపి సీట్ల మధ్యనే చతికిలబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకేనని పక్కావిడ అనుకుని ఉంటుంది. నాకు డాక్టర్ దేవదానం గారు గుర్తొచ్చారు.

మా పడమటి పల్లెల్లో సుగ్గి అంటే పని కోసం వలస పోవడం. వానమీద పండే చేలలో పని అయిపోగానే కూలీలు గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఎండలు ముదిరేలోపు తిరిగి వస్తారు. ఇదంతా నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు, మా వీధి చివర నుంచే ఆ లారీలు పోయేవి. కానీ ఆ లారీల రాకపోకలకూ, ఏ ఆసుపత్రిలో ఏ నెలలో నర్సు ఉండాలన్నదానికీ సంబంధం ఉందని నాకు చూపించింది ఆయనే.

అప్పట్లో నేను స్టాఫ్ నర్సుని. ఆదోని చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలకు సిబ్బందిని సర్దే ఆఫీసులో చెయ్యి అందించడానికి నన్ను వార్డు నుంచి తీసి పంపించారు. ఆ ఆఫీసుకు దేవదానం గారు పెద్ద. వార్డు వదిలి కుర్చీలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు, ఆ అయిష్టం ముఖంలో కనబడుతూనే ఉండేది. కిటికీ తెరిస్తే పత్తి మార్కెట్ వైపు నుంచి దూది నూగు వచ్చి బల్లమీద వాలేది. ఆయన దాన్ని చేత్తో తుడుచుకుంటూ, "ఈడ కూచుంటే ఏం తెలుస్తుంది పద్మా, నడువు, ఊరు చూసొద్దాం" అన్నారు. అది చలికాలం. జీపులో నన్ను ఒక ఊరికి తీసుకుపోయారు. ఆ ఊరి పేరు రాయను. నేను చెప్పబోయేవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

వీధి పొడవునా తలుపులకు తాళాలు. ఒక అరుగుమీద ముసలమ్మ మేకపిల్లకు ఆకు తినిపిస్తోంది. "అందరూ యాడికి పోయినారవ్వా?" అని అడిగారాయన, తెలియనట్టు.

"ఇంకేడికప్పా, సుగ్గికి. ముసలోళ్లం ఇండ్లు కాసుకుంటాండాం."

"మీ కోడలు కూడా పోయిందా? కడుపుతో ఉండాదంటిరే."

"పోకపోతే ఎట్లా? కాన్పుకు ఈడికే వస్తాదిలే. ఈడ నర్సమ్మ ఉండాది గదా."

తిరిగి జీపెక్కాం. ఊరు దాటాక ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు, "మా అమ్మ నన్ను కన్నది సుగ్గి చేనుగట్టున. పక్క సాలులో మిరపకాయలు కోస్తాండిన ఆమె బొడ్డు కోసిందంట" అన్నారు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆయన పోస్టింగులన్నీ ఆ మాట మీదే నడిచేవని నాకు తర్వాత అర్థమైంది. చలికాలంలో ఊళ్లు ఖాళీ అయినప్పుడు నర్సులను ఆదోని ఆసుపత్రికి సాయంగా పంపేవారు. ఉగాదికి ముందే, కాన్పులు బాగా చేతనైన ఇద్దరిని ఆ ఊరి కేంద్రానికి తిరిగి చేర్చేవారు. నర్సులు సణిగేవారు. ఏడాదికి రెండుసార్లు సామాను సర్దుకోవాలంటే ఎవరు మాత్రం సణగరు? ఆయన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, పిల్లల చదువుల గురించి అడిగి, ఆ తర్వాతే పంపేవారు.

ఆ రోజుల్లోనే మా శాఖలో చాలా మారడం మొదలైంది. ఊళ్లలో కొత్త క్లినిక్కులు, ఫోన్ తెరమీద కనిపించి సలహా చెప్పే డాక్టర్లు, పట్టణాల్లో కొత్త వార్డులు. చెడ్డవేం కావు, అన్నీ కావలసినవే. కానీ భవనాలు కొత్తవి, యంత్రాలు కొత్తవి, వాటి దగ్గర నిలబడవలసిన మనుషులు మాత్రం పాతవాళ్లే. రోగులు తక్కువగా వచ్చే చోట్ల నుంచి సిబ్బందిని తీసి, ఎక్కువగా వచ్చే చోట్లకు పంపమని ఆదేశం వచ్చింది. లెక్క తీసింది చలికాలంలో. ఆయన నన్ను తీసుకుపోయిన ఆ ఊరి కేంద్రానికి ఆ నెలల్లో వచ్చింది ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులు. కాన్పు నర్సులిద్దరూ పోవాలన్నారు.

ఆయన కర్నూలు వెళ్లారు. నన్నూ వెంట తీసుకుపోయారు. అక్కడి పైఅధికారి ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. కోప్పడలేదు, వెటకారం చేయలేదు. "డాక్టర్ గారూ, మీరు చెప్పింది కాదనను. పట్టణంలో కొత్త వార్డు తెరిచాం, ఒక్కో నర్సు ముగ్గురి పని చేస్తోంది. ఉన్నవాళ్లు ఇంతే. అక్కడ తీయొద్దంటే ఎక్కడ తీయాలో మీరే చెప్పండి" అన్నాడు.

దేవదానం గారు తెచ్చుకున్న కాగితాలు మడిచి పట్టుకుని లేచారు. తిరుగు ప్రయాణంలో దేవనకొండ దాటాక అన్నారు: "ఆయన అడిగింది తప్పు కాదు పద్మా. ఏ ఊరి పేరు చెప్పినా అది ఇంకొకరి ఊరే గదా. నా నోట్లోంచి రాలేదు." మరునాడు ఆర్డర్ మీద సంతకం పెట్టారు.

ఉగాది దాటాక లారీలు తిరిగొచ్చాయి. ఈరమ్మ అనే ఆమె ఆ ఊళ్లో నిండు నెలలతో దిగింది. రెండు రోజులకే నొప్పులు మొదలైతే, భర్త నాగన్న ఆటోలో కేంద్రానికి తెచ్చాడు. అంతకుముందు ఆమె మొదటి కాన్పు అక్కడే జరిగింది. నర్సులు లేరన్న సంగతి గుంటూరు చేలలో ఉన్నవాళ్లకు ఎవరు చెబుతారు? తెలిసుంటే నేరుగా ఆదోనికే పోయేవాళ్లు. కేంద్రంలో ఉన్నది కొత్తగా చేరిన శిరీష ఒక్కతే. ఫోన్‌లో డాక్టరు పలికాడు, ఆదోనికి పంపమన్నాడు. అంబులెన్స్ వచ్చేలోపే బిడ్డ పుట్టింది. రక్తం ఆగలేదు. అంబులెన్స్ ఆదోని పొలిమేర చేరేసరికి ఈరమ్మ ప్రాణం పోయింది.

మేము వెళ్లేసరికి నాగన్న ఇంటి ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల బిడ్డ ఏడుస్తోంది. అతను అరవలేదు. "ముందర నర్సమ్మలు ఉండిరి గదా సార్. యాడికి పోయినారు?" అని మాత్రం అడిగాడు.

పైనుంచి ఆర్డర్ వచ్చిందని చెప్పొచ్చు. నేనైతే అదే చెప్పి ఉండేదాన్ని. దేవదానం గారు అతని పక్కన నేలమీద కూర్చుని, "నేనే పంపించినానప్పా" అన్నారు.

నాగన్న ఆయన ముఖం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నమ్మలేనితనం ఉంది. "మాకు ఒక మాట సెప్పింటే బాగుండు సార్" అన్నాడు.

అక్కడి నుంచి కేంద్రానికి వెళితే శిరీష మంచాల గదిలో మూలన కూర్చుని ఉంది. ఉద్యోగం మానేస్తానంది. ఆయన, "ఇద్దరు ముగ్గురు పట్టాల్సిన పనికి నిన్నొక్కదాన్ని నిలబెట్టినాం తల్లీ. అది నీ మీద వేసుకోవద్దు" అన్నారు. ఆ పిల్ల మానలేదు. కానీ చాలాకాలం, ఆటో చప్పుడైతే ఉలిక్కిపడేది.

ఆ తర్వాత ఆయన మనిషి తగ్గిపోయారు. జీపులో కబుర్లు పోయాయి. మళ్లీ మళ్లీ కర్నూలు తిరిగి, ఒక నర్సును వేసవి నెలలకు సాధించారు. మరుసటి ఏడు అదీ పోయింది. ఆయన కొత్తగా పట్టుకున్న పని ఒక్కటే. ఏ ఊరి నుంచి ఎవరిని తీసినా, తానే ఆ ఊరికి పోయి, రచ్చబండ దగ్గరో చర్చి ముందరో నిలబడి చెప్పడం. తిట్టేవాళ్లు తిట్టేవారు. "చెప్పకుండా తీసేస్తే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పాత చోటికే పరిగెత్తుకొస్తారు పద్మా. మనం లేమని వాళ్లకు మనమే చెప్పాల" అనేవారు. సుగ్గికి పోయినవాళ్ల మేస్త్రీలకు కూడా ఫోన్ చేయించేవారు.

రిటైరయ్యాక ఎక్కువకాలం బతకలేదు. గుండె అన్నారు. కర్నూలు పక్కనున్న సొంతూరు గూడూరులో మట్టి చేశారు. ఆయన కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిన నర్సుల్లో చాలామంది రాలేకపోయారు. వాళ్ల డ్యూటీ అందుకోవడానికి మనుషులు లేరు.

ఇప్పుడు నేను కర్నూలులో సిబ్బంది సర్దుబాటు చూస్తున్నాను. ఎక్కడ తీయాలో చెప్పమన్న ప్రశ్న ఇప్పుడు నా ముందుకే వస్తుంది. ఆయన నోట రాని జవాబు నేను రోజూ చెబుతున్నాను, చెప్పక తప్పదు. కానీ ఏ ఊరి పేరు చెప్పినా ఆ ఊరికి పోయి చెప్పి వస్తాను. ఆ రోజు బస్సులో పోయిందీ అందుకే. ఆదోనిలో దిగి, ఆ పక్కనే ఒక పల్లెకు పోయి, మీ నర్సు వచ్చే నెల నుంచి ఉండదని చెప్పాను. ఆడవాళ్లు గుమిగూడి విన్నారు. ఒకామె పొట్టమీద చెయ్యి పెట్టుకుని, "నాకు జ్యేష్ఠంలో నెలలు నిండుతాయి మేడమ్. అప్పుడు యాడికి పోవాల?" అని అడిగింది.

తిరిగొచ్చి చాలామందిని బతిమాలి, ఆ నర్సును జ్యేష్ఠం వెళ్లేదాకా అక్కడే ఉంచగలిగాను. అంతకంటే కుదరలేదు. శ్రావణంలో తనకు కాన్పు ఉందని ఆ గుంపులో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. ఎవరో ఒకరు ఉండే ఉంటారు.